పెంగ్విన్ పేరు ఎవలది?

ఇటు రాండ్రి పిల్లలూ, అరుగు మీదికి నీడ వచ్చింది, కూసుండుండ్రి. ఇయ్యాల ఒక పిట్ట ముచ్చట చెప్త. నిజం చెప్పాల్నంటె పిట్ట కన్న దాని పేరు ముచ్చట ఎక్కువ. మీరందరు టీవీల చూసిన పిట్టనే, పెంగ్విన్. గానీ దాని దగ్గరికి పోయేటందుకు ముందు మన మిరపకాయ మీదికెళ్ళి పోవాలె. ఓపిక పట్టుండ్రి, దారి జర సుట్టు తిరుగుతది.

మానుకోట దిక్కు, భూపాలపల్లి దిక్కు ఎండలు ముదిరే ముందట పోతె కల్లాల నిండ ఎర్రటి మిర్చి ఆరబోసి ఉంటది. కేసముద్రం యార్డుకు, వరంగల్ ఎనుమాముల యార్డుకు బస్తాల మీద బస్తాలు పోతుంటయి. తేజ అయితె ఘాటు, చపాట అయితె రంగు. ఆ చపాటకు 2025ల జీఐ గుర్తింపు గూడ వచ్చింది. ఇంతగనం పండిస్తున్నం గదా, మిరపకాయ మన తాతముత్తాతల పంట అనుకుంటం. కాదు బిడ్డా. అది అమెరికా ఖండాల పంట. 1492ల కొలంబస్ అటు పోయినంకనే మిగిలిన లోకానికి ఎరుకయింది. ఆ తర్వాత పోర్చుగీసోళ్ళ ఓడల మీద మన దేశంల దిగింది.

దీని అర్థమేందో ఒక్క గడియ ఆలోచించుండ్రి. పాలకుర్తి సోమనాథుడు మన జనగామ జిల్లా బిడ్డనే. ఆయన కాకతీయుల కాలపు మనిషి, ఆయన తిన్న కూరల మిరపకాయ పడలేదు. బమ్మెర పోతన గూడ మన జిల్లానే, 15వ శతాబ్దం మనిషి. వ్యవసాయం చేసుకుంట భాగవతం రాసిండంటరు గదా, ఆయన పొలం చుట్టుపట్ల ఎక్కడ గూడ మిరపచేను లేదు. మరి కారం ఎక్కడికెళ్ళి? మిరియాల నుంచి. 1244ల గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవుల ఒక శాసనం ఏయించిండు, వచ్చిపోయే వర్తకులు ఏ సరుకు మీద ఎంత సుంకం కట్టాల్నో అండ్ల చెక్కించిండు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టుదారాలతోని పాటు మిరియాలు గూడ ఆ పట్టీల ఉన్నయి.

అసొంటి నాలుకలకు కొత్తగ ఒక కాయ వచ్చింది. కొరికితె మండింది. మండేది అంటె మనోళ్ళకు తెలిసింది మిరియమే. అందుకని దాన్ని మిరియపుకాయ అన్నరు. నోట్ల నలిగి నలిగి అది మిరపకాయ అయింది. మిరియం తీగెకు కాస్తది, మిరప మొక్కకు కాస్తది. రెండింటికి ఏ చుట్టరికం లేదు. మిరపకు చుట్టమంటె వంకాయ, టమాట. పేరు మాత్రం పాతదాని దగ్గర తీసుకొని కొత్తదానికి కట్టిన్రు. అటు ఇంగ్లిషోళ్ళు గూడ ఇదే పని చేసిన్రు, మిరియాన్ని పెప్పర్ అన్నరు, మిరపనూ పెప్పర్ అన్నరు. పెంగ్విన్ పేరు గూడ అచ్చం ఇట్లనే చేతులు మారింది. కాకపోతె ఒక్కటే తేడా. మిరియం ఇంకా మన పోపుడబ్బల ఉన్నది. పెంగ్విన్ పేరు ముందుగాల ఎవలదో, ఆ పిట్ట ఇప్పుడు భూమ్మీద లేదు.

ఇప్పుడు ఓడ ఎక్కుదాం. ఆ కాలంల యూరప్ ఓడలు గింత దూరం ఎందుకు బయలెల్లినయంటె, అండ్ల పెద్ద కారణం మిరియాలే. 1497ల వాస్కో డ గామా పోర్చుగల్ నుంచి ఇండియా దిక్కు తెరచాపలెత్తిండు. ఆఫ్రికా ఖండం కొసను సుట్టి వచ్చి, ఇప్పుడు మోసెల్ బే అంటున్న రేవుల ఆగిండు. ఆడ నీళ్ళ నడుమ ఒక చిన్న దీవి. దాని మీద బాతులంతలంత పిట్టలు. ఎగురలేవు, గాడిదల లెక్క ఓండ్ర పెడుతున్నయని ఓడల ఉన్నాయన ఒకాయన రాసిపెట్టుకున్నడు. వాళ్ళు వాటిని ‘సొటిలికైరో’ అన్నరు. ఆ మాట ఆ కాగితంల ఉండిపోయింది, లోకంల నడవలేదు. గానీ గాడిద ఓండ్ర మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. ఆఫ్రికా పెంగ్విన్ ఇప్పటికీ అట్లనే అరుస్తది. మరుసటేడు, 1498ల, ఆ ఓడలు కాలికట్ రేవు దగ్గర లంగరేసినయి. మిరియాల కోసం వచ్చే దారిల యూరపోళ్ళు పెంగ్విన్‌ను చూసిన్రు. నాకు ఈ సంగతి తలుచుకుంటె ఎంత సంబురమో చెప్పలేను.

ఇంకో ఇరవై ఏండ్లకు మాగెల్లాన్ ఓడలు దక్షిణ అమెరికా తీరం ఎంట కిందికి దిగినయి. ఆయనతోని పిగఫెట్టా అని ఇటలీ ఆయన ఉండె. కండ్లవడ్డదల్లా రాసుకునే గుణం ఆయనది. నల్లటి పెద్దబాతులు చూసినం, ఎగురవు, చేపలు తింటయి, గింత కొవ్వు పట్టి ఉన్నయంటె ఈకలు పీకరాలేదు, తోలే ఒలిచినం అని రాసిండు. చూసిన్రా, ఈయన గూడ బాతు అనే అన్నడు. దక్షిణంల పెంగ్విన్లు ఉన్నయి, చూసేటోళ్ళు ఉన్నరు, తినేటోళ్ళు ఉన్నరు. పెంగ్విన్ అన్న మాట మాత్రం ఆడ ఇంకా పుట్టలేదు.

అది పుట్టింది పైన, ఉత్తర అట్లాంటిక్ సముద్రంల.

కెనడా తూర్పు కొసల న్యూఫౌండ్‌లాండ్ అని ఉన్నది. చుట్టు చేపలే చేపలు. యూరప్ నుంచి ఏటేట పడవలు అటే పోయేటివి. దాని పక్కన ఫంక్ ఐలాండ్ అనే వట్టి రాతిగుట్ట. ఆ గుట్ట నిండ ఒక పిట్ట. రెండున్నర అడుగుల పైన ఎత్తు, ఐదు కిలోల దాక బరువు. ఈపు నలుపు, కడుపు తెలుపు. రెక్కలు జానెడు లేకపాయె, ఎగురుడు అసలే రాదు. నిటారుగ నిలవడి నడుస్తది. ఏడాదికి ఒక్కటంటె ఒక్కటే గుడ్డు, అది గూడ గూడు లేకుంట వట్టి బండ మీదనే. ఇప్పుడు పుస్తకాలల్ల దాన్ని గ్రేట్ ఆక్ అంటున్నరు. ఆ కాలం సముద్రపోళ్ళు పిలిచిన పేరు, పెంగ్విన్.

1534ల జాక్ కార్టియే అనే ఫ్రెంచి నావికుడు ఆ దీవి దగ్గర ఆగిండు. అరగంట గూడ కాకముందే రెండు పడవలు నింపుకున్నరట. తినంగ మిగిలినయి పీపాలల్ల ఉప్పు ఏసి పెట్టుకున్నరు. 1578ల పార్క్‌హర్స్ట్ అనే ఇంగ్లిషు వర్తకుడు ఒక ఉత్తరంల రాసిండు: దీవికీ ఓడకూ నడుమ పలక ఏసి తోలితె చాలు, పెంగ్విన్లు వాటంతటవే నడిచి ఓడలకు ఎక్కుతయి అని. పెంగ్విన్ అన్న మాట మనకు రాతల దొరికేది ఈ ఒకటి రెండేండ్ల నుంచే.

అదే 1578ల ఇంకో దిక్కు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడ గోల్డెన్ హైండ్ దక్షిణ అమెరికా కొసన మాగెల్లాన్ జలసంధి దగ్గరికి పోయింది. దీవుల మీద నల్ల ఈపు, తెల్ల కడుపు పిట్టలు వేలకు వేలు. ఎగురలేవు, నిటారుగ నడుస్తున్నయి. ఓడల ఉన్నోళ్ళకు ఉత్తరపు పిట్ట యాదికొచ్చింది. వెల్ష్ వాళ్ళు దీన్ని పెంగ్విన్ అంటరు అని డ్రేక్ ఓడల పూజారి ఫ్లెచర్ రాసిపెట్టిండు. అంతే. ఆనాటి నుంచి ఉత్తరం పేరు దక్షిణం పిట్టకు అంటుకున్నది.

ఈడికొచ్చేటాలకు మా మనుమరాలు మధ్యల అందుకున్నది. “అట్లయితె తాతా, ఉత్తరం పిట్ట, దక్షిణం పిట్ట అక్కచెల్లెండ్లా?” మంచి ప్రశ్న. కాదు బిడ్డా, దూరపు చుట్టరికం గూడ గట్టిగ లేదు. గ్రేట్ ఆక్‌కు దగ్గరి చుట్టాలు పఫిన్, రేజర్‌బిల్ అనే ఉత్తర సముద్రపు పిట్టలు. అవి ఇప్పటికీ ఉన్నయి, ఎగురుతయి గూడ. పెంగ్విన్‌కు దగ్గరి చుట్టమంటె ఆల్బట్రాస్. పదకొండు అడుగుల రెక్కలు చాపి రోజుల తరబడి సముద్రం మీద తేలిపొయ్యే పిట్ట. చూడబోతె పోలిక లేదు, లోపల నెత్తురు ఒక్కటి. పెంగ్విన్ ముత్తాతలు గూడ ఎగిరినోళ్ళే, గానీ ఆ ఎగురుడు మరిచిపోయి ఆరు కోట్ల ఏండ్లు దాటింది. న్యూజిలాండ్‌ల అంతటి పాత పెంగ్విన్ బొక్కలు రాళ్ళల్ల దొరికినయి.

మరి చుట్టరికం లేకపోతె అచ్చు గుద్దినట్టు ఎట్లున్నయి? ఇది నాకు ఇష్టమైన చోటు, జర నిమ్మలంగ చెప్త.

మన గణపురం కోటగుళ్ళ దిక్కు గణపసముద్రం చెరువు చూసిన్రు గదా. అండ్ల బుడుబుంగలు ఉంటయి. ఇప్పుడు కనవడతది, అంతలనే బుడుంగున మునుగుతది, ఇంకెక్కడనో తేలుతది. దాని కాళ్ళు కడుపు కింద ఉండయి, వెనుకకు తోక దగ్గర ఉంటయి. నీళ్ళల్ల నూకుకోవడానికి అదే మంచి జాగ. గానీ ఒడ్డు మీదికొస్తె నడువలేక ఆగమాగం అయితది. అది కాళ్ళతోని ఈదుతది, రెక్కలు దగ్గరికి ముడుసుకుంటది. అందుకే దాని రెక్కలు రెక్కలుగనే మిగిలినయి, అవసరమైతె రాత్రిపూట ఎగిరి ఇంకో చెరువుకు పోతది.

ఆక్, పెంగ్విన్ ఇంకో దారి పట్టినయి. అవి నీళ్ళల్ల రెక్కలతోనే ఈదుతయి. గాలి పలుచన, నీళ్ళు చిక్కన. గాలిల ఎగురనీకె వెడల్పు రెక్క కావాలె, నీళ్ళల్ల అదే రెక్క బరువై అడ్డం వస్తది. నీళ్ళల్ల పని చెయ్యాల్నంటె రెక్క పొట్టిగ, గట్టిగ, బద్దగ ఉండాలె. పఫిన్ లెక్క చిన్న పిట్ట అయితె రెండు పనులూ ఎట్లనో నెట్టుకొస్తది. పెద్ద పెయ్యి పెరిగిందా, ఇగ రెండుట్ల ఒకటి వదులుకోవాల్సిందే. ఎందుకు పెరగాలె అంటరా? పెద్ద పెయ్యి చలికి తట్టుకుంటది, లోతుకు మునుగుతది, ఎక్కువసేపు ఊపిరి బిగవట్టుకుంటది. ఎగిరే పిట్టకు బొక్కలు బోలుగ ఉంటయి. మునిగే పిట్టకు బరువు కావాలె, అందుకే పెంగ్విన్ బొక్కలు గట్టిగ, నిండుగ ఉంటయి. కాళ్ళు వెనుకకు జరిగినయి కాబట్టి నేల మీద నిలవడాల్నంటె పెయ్యి నిటారుగ లేపాలె. వాటి నడక చూసి మనం నవ్వుతం గానీ ఆ నడక ఈత కోసం కట్టిన కప్పం.

ఇగ రంగు. పైన నుంచి చూస్తె సముద్రం నల్లగ కనవడతది, నల్ల ఈపు అండ్ల కలుస్తది. కింద నుంచి మీదికి చూస్తె వెలుతురు తెల్లగ ఉంటది, తెల్ల కడుపు అండ్ల కలుస్తది. చేపకు కనవడొద్దు, తనను తినేదానికి గూడ కనవడొద్దు. లోకం ఈ కొసన ఒక పిట్ట, ఆ కొసన ఒక పిట్ట, ఒకదాని మొకం ఒకటి ఎన్నడు చూడలేదు. చల్లటి సముద్రం రెండింటికీ ఒక్కటే పని ఒప్పజెప్పింది, పెయ్యిని గూడ ఒక్క తీరుగనే చెక్కింది. అందుకే డ్రేక్ ఓడల ఉన్నోళ్ళను నేను తప్పువట్ట. వాళ్ళు పోలిక చూసిన్రు, ఆ పోలిక నిజమే. అది చుట్టరికంతోని వచ్చిందనుకున్నరు, అండ్లనే మోసపోయిన్రు.

సరే, ఇంతకూ పెంగ్విన్ అంటె ఏంది? ఈడ కొట్లాట ఉన్నది. బ్రిటన్‌ల పడమటి దిక్కు వేల్స్ అని ఒక దేశం, వాళ్ళ భాష వెల్ష్. ఆ భాషల ‘పెన్’ అంటె తల, ‘గ్విన్’ అంటె తెలుపు. తెల్లతల. బాగనే కుదిరింది గదా అనుకుంటరు. గానీ గ్రేట్ ఆక్ తల నల్లగుండె! చిక్కు ఈడ వడ్డది. అయితె దానికి ముక్కుకూ కంటికీ నడుమ ఒక పెద్ద తెల్ల మచ్చ ఉండె, దూరం నుంచి ముందు కనవడేది అదే, పేరు దానితోని వచ్చిందని కొందరన్నరు. ఇంకొందరు వేరే తీరుగ విప్పిన్రు. వెల్ష్‌ల ‘పెన్’ అంటె తలనే కాదు, సముద్రంలకు పొడుసుకొచ్చిన గుట్టకొన గూడ. లక్షల పిట్టల రెట్టతోని ఆ దీవుల గుట్టలు తెల్లగ మెరిసేటివి, ముందుగాల గుట్టకు తెల్లకొన అని పేరు వడ్డది, తర్వాత దాని మీది పిట్టకు ఎక్కింది అని.

ఇంకో వర్గం లాటిన్ భాషల ‘పింగ్విస్’ అనే మాట పట్టుకున్నది. కొవ్వు పట్టింది అని అర్థం. 1605ల క్లూసియస్ అనే పండితుడు తన పుస్తకంల ఈ పిట్టకు కొవ్వు మీదికెళ్ళే ఆ పేరు వచ్చిందని రాసిండు. పిగఫెట్టా చెప్పిన కొవ్వు యాది చేసుకోండ్రి, ఈ అర్థం గూడ తీసిపారేసేది కాదు. పెద్ద పెద్ద నిఘంటువులు చేసినోళ్ళు గూడ ఇదే ఖాయం అని గీత గియ్యలేదు. నన్నడిగితె నేను వెల్ష్ దిక్కే మొగ్గుత. ఎందుకంటె, తర్వాత ఎవరో కూసోని ఊహించింది కాదది. ఆ మాట మొదట్ల రాసినోళ్ళల్ల ఒకడైన ఫ్లెచరే, డ్రేక్ ఓడల ఉండి, వెల్ష్ వాళ్ళ మాట అని చెప్పిండు. లాటిన్ అర్థం పుస్తకాలోళ్ళు ఎనుక కుట్టిన మాసిక తీరుగ అనిపిస్తది నాకు.

ఈ పేరు మీద రాజకీయం గూడ నడిచింది తెలుసా? 1583ల జార్జ్ పెక్‌హామ్ అని ఒక ఇంగ్లిషు దొర ఒక పుస్తకం అచ్చేసిండు. 1170ల మాడోక్ అనే వేల్స్ రాకుమారుడు అమెరికాకు పోయిండని ఒక కథ ఉన్నది. ఆడి దీవికీ పిట్టకూ పెంగ్విన్ అనే వెల్ష్ పేరు ఉన్నది, అంటె మాడోక్ పోయినట్టే, అంటె స్పెయినోళ్ళ కన్న ముందు ఆ నేల ఇంగ్లండు రాణిదే అని వాదించిండు. ఒక పిట్ట పేరు పట్టుకొని ఖండం మీద పట్టా అడిగిండు. మాడోక్ పోయిండనేటందుకు సాక్ష్యం ఇప్పటిదాక దొరకలేదు.

ఫ్రెంచోళ్ళు మాత్రం ఈ లెక్క సరిగ పెట్టుకున్నరు. వాళ్ళ భాషల ‘పింగ్వాన్’ అంటె ఉత్తరపు ఆక్ జాతి. దక్షిణపు పిట్టకు ‘మాన్షో’ అని వేరే పేరు, అంటె చెయ్యి లేనోడు అని.

ఇగ ఆ పేరు అసలు పిట్టకు ఏమయిందో చెప్పాలె. చెప్పబుద్ధి కాదు, అయినా చెప్త. ముందుగాల తినేటందుకు చంపిన్రు. తర్వాత చేపలకు ఎర కోసం. 18వ శతాబ్దం వచ్చేటాలకు పరుపులల్ల ఈకల కోసం. ఫంక్ ఐలాండ్ మీద ఎండకాలమంత మకాం పెట్టి, పిట్టలను వేడినీళ్ళల్ల ముంచి ఈకలు వలిచేటోళ్ళు. ఆ గుట్ట మీద కట్టెపుల్ల దొరకదు. అందుకని పొయ్యిల మంటకు గూడ ఆ పిట్టలనే ఏసిన్రు, కొవ్వు ఉన్నది గదా, మండుతది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట ఆ చావుకు తట్టుకుంటదా? 1800 నాటికి ఆ దీవి ఖాళీ అయింది. చిట్టచివరికి ఐస్‌లాండ్ పక్కన కొన్ని మిగిలినయి. అవి ఉన్న రాతిదిబ్బ 1830ల అగ్నిపర్వతం పేలి సముద్రంల మునిగింది. బతికినయి పక్కన ఎల్డే అనే నిట్టనిలువు దిబ్బ ఎక్కినయి. అప్పటికి అవి అరుదైనయి కాబట్టి, తోళ్ళు, గుడ్లు దాచుకునే ధనవంతులు ఎక్కువ ధర పెట్టవట్టిన్రు. 1844 జూన్ మొదట్ల ముగ్గురు మనుషులు ఆ దిబ్బ ఎక్కి ఒక జంటను గొంతు పిసికి చంపిన్రు. ఉన్న ఒక్క గుడ్డు పగిలింది. ఆ జంట లోపలి భాగాలు ఇప్పటికీ డెన్మార్క్‌ల కోపెన్‌హాగెన్ మ్యూజియంల సీసాలల్ల ఉన్నయి.

1858ల ఇంగ్లండు నుంచి వూలీ, న్యూటన్ అనే ఇద్దరు పిట్టల పండితులు ఇంకా బతికే ఉన్నదేమో చూద్దామని ఐస్‌లాండ్ పోయిన్రు. పిట్ట దొరకలేదు. ఆ దిబ్బ ఎక్కినోళ్ళు దొరికిన్రు. వాళ్ళను కూసోవెట్టి అడిగి అంత రాసుకున్నరు. ఆ రాత లేకపోతె ఇయ్యాల నేను మీకు ఈ ముచ్చట చెప్పేటోణ్ణి కాదు. న్యూటన్ మనసుల అది నాటుకపోయింది. సముద్రపు పిట్టలను కాపాడాలని గొంతెత్తినోళ్ళల్ల ఆయన ముందువరసల నిలిచిండు, 1869ల బ్రిటన్ దాని కోసం చట్టం చేసింది. ఇంకొకటి నన్ను కదిలించింది. 1971ల లండన్‌ల ఒక ఆక్ బొమ్మ వేలానికి వచ్చింది, తోలుల దూది కుక్కిన అసలు పిట్ట. ఐస్‌లాండ్ జనం తలా ఇంత చందాలేసుకొని దాన్ని కొనుక్కొని ఇంటికి తెచ్చుకున్నరు. ఆ పిట్టకు సైన్సోళ్ళు పెట్టిన పేరు పింగ్వినస్ ఇంపెన్నిస్. పేరు అట్లయినా దానికి మిగిలింది.

ఉత్తరంల పెంగ్విన్లు ఎలుగుబంట్ల పక్కన ఉంటయని బొమ్మలేస్తరు, నమ్మకుండ్రి. ఇప్పుడున్న పెంగ్విన్లన్నీ దక్షిణపోళ్ళే. భూమధ్యరేఖ దగ్గరి గాలాపగోస్ దీవులల్ల ఉన్నయి ఒక్కటే ఆ గీతను జరంత దాటుతయి. మీకు కండ్లార చూడాల్నని ఉంటె అంటార్కిటికా దాక పోవాల్సిన పని లేదు. బొంబాయిల బైకుల్లా జూ ఉన్నది. 2016ల దక్షిణ కొరియాల సియోల్ నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లను తెచ్చి చల్లటి గదిల పెట్టిన్రు, తర్వాత ఆడనే పిల్లలు గూడ పుట్టినయి. పెరూ, చిలీ తీరాల పిట్టలవి. మన దిక్కుకెళ్ళి బొంబాయి పోయి బతుకుతున్నోళ్ళు శానమంది, ఎవల ఇంటికన్న పోయినప్పుడు చూసి రాండ్రి. అద్దం ముందట నిలవడి, అది నీళ్ళల్లకు దుంకంగనే రెక్కల దిక్కు చూడుండ్రి. మీదికి లేపినప్పుడూ ముందటికే నూకుతది, కిందికి కొట్టినప్పుడూ ముందటికే నూకుతది. కాళ్ళు వెనుకకు చాపి మలుపు తిరిగేటందుకు వాడుకుంటది. తర్వాత ఎన్నడన్న గణపసముద్రం గట్టు మీద కూసోని బుడుబుంగ మునిగే ఘడియ పట్టుకోండ్రి. అది రెక్కలు ముడుసుకొని కాళ్ళతోని నూకుతది. రెండూ చూసినోళ్ళు వచ్చి నాకు చెప్పుండ్రి, ఎవలు ఎక్కువసేపు మునిగిన్రో.